పొయ్యి మీది తాడు

తెల్లారి ఆవుకు గడ్డి వెయ్యకముందే, టీ నీళ్ళు మరగకముందే, గథేచా గుమ్మం బయట ముక్కాలిపీట వేసుకుని కూర్చుని తాడు తడిమేవాడు. నలభై గజాల నైలాను తాడు. ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి జానెడు జానెడు జరుపుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ, కొస నుంచి కొసదాకా. కళ్ళు మూసుకునే ఉండేవాడు. పెదాలు మాత్రం కదిలేవి. చిన్నప్పుడు తల్లి నేర్పిన ప్రార్థన ఒకటుండేది, అది సరిగ్గా తాడంత పొడుగు అయ్యేది.

"కళ్ళు తెరిచి చూసుకోరాదూ, తొందరగా తెములుతుంది కదా," అనేది భార్య వంగేచి.

"కన్ను మొహమాటపడుతుందే. వేలికి మొహమాటం లేదు," అనేవాడు.

లిమూరు కొండల చలి ఎముకల్లోకి దిగే చలి. ఆవిడ వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ఒకటి తెచ్చి, వేళ్ళు కాచుకోమని మొగుడి మోకాళ్ళ మీద వేసి వెళ్ళిపోయేది. మొద్దుబారిన వేళ్ళకు తాడులోని లోపం తెలియదు మరి.

ఇలాంటి మనిషిని మా గతోరో ఊరు పన్నెండేళ్ళు పగవాడిలా చూసింది. అతను టీకొట్లో అడుగుపెడితే బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఒకరొకరే లేచిపోయేవారు. ఆదివారం చర్చి విడిచాక అందరం గుమ్మం బయట వరసగా నిలబడి చేతులు కలుపుకోవడం మా ఆనవాయితీ. అతని వంతు వచ్చేసరికి అప్పటిదాకా బయటున్న చేతులు కోటు జేబుల్లోకి పోయేవి. పిల్లలు కూడా అతనికి 'తాడుతెగ్గాడు' అని పేరు పెట్టుకున్నారు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. టీకొట్టు ఆవిడ అతన్ని అందరికంటే ఎక్కువ తిట్టేది. తిడుతూనే అతని లోటాలో టీ అంచుదాకా పోసేది. దేవుడు మనుషుల్ని పూర్తిగా పాడు కానివ్వడు.

ఈ పగకు మూలం వరూయి చావు.

వరూయీ గథేచా ఒకే ఏడు, ఒకే చలి పొద్దున, ఒకే వరసలో నిలబడి సున్నతి చేయించుకున్నవాళ్ళు. మాలో అలా ఒక జట్టుగా మగవాళ్ళయినవాళ్ళు తోడబుట్టినవాళ్ళ కంటే ఎక్కువ. ఒకడి తల్లి రెండోవాడికీ తల్లే. ఆమె మీద వేలెత్తి చూపడం కన్నతల్లి మీద చెయ్యి చేసుకోవడంతో సమానం. ఇద్దరూ కలిసి ఒక మిషన్ రంపం, ఒక తాడు కొనుక్కున్నారు. ఒకడు చెట్టెక్కితే ఇంకొకడు కింద తాడు పట్టేవాడు. వానలు పడుతున్న ఏప్రిల్ నెలలో ఒకరోజు, టీతోట గట్టున సైప్రస్ చెట్టు మీద ముప్ఫై అడుగుల ఎత్తున వరూయి నడుముకు కట్టుకున్న తాడు తెగింది. కింద ఉన్నవాడు గథేచా.

తాడు ఎందుకు తెగిందో గథేచాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెగిన కొస చేతిలోకి తీసుకుంటే గాజు ముక్కలా నున్నగా, బిర్రుగా ఉంది. పొగ వాసన.

వెనకటి రోజుల్లో చెట్లెక్కేవాళ్ళవి కిత్తనార తాళ్ళు. వానకు తడిస్తే కుళ్ళిపోతాయని వంటగుడిసెలో మూడు రాళ్ళ పొయ్యి మీది అటక మీద పెట్టేవారు. పొగ పడితే నార గట్టిపడేది, పురుగు పట్టేది కాదు. తాతలనాటి తెలివి అది. నైలాను తాడు వచ్చాక కూడా అందరి చేతులూ అలవాటు కొద్దీ అటక వైపే పోయాయి. వరూయి తల్లి న్యాకియో ఆ వానాకాలమంతా కొడుకు తాడును రోజూ తనే మడిచి, తనే అటక మీద ఆరబెట్టింది. పొద్దున్నే చల్లటి తడితాడు పట్టుకుంటే బిడ్డ చేతులు కొంకర్లు పోతాయని ఆమె బాధ. ఆ రోజు పొద్దున కూడా తాడు వెచ్చవెచ్చగానే తెచ్చి ఇచ్చింది. "చూశావురా గథేచా, మా అమ్మ తాడుక్కూడా అంబలి తాగించి పంపింది," అని వరూయి నవ్వాడు. నైలానుకు నిప్పుసెగ పడదని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

గథేచా ఆ తాడును ఎవరికీ చూపించలేదు. తన చిలగడదుంపల మడిలో గొయ్యి తీసి పూడ్చేశాడు. పూడుస్తుండగా ఎవరో చూశారు. ఇంకేముంది. దాచాడంటే తప్పు చేశాడన్నమాటే. ముడి సరిగ్గా వెయ్యలేదన్నారు కొందరు. పనంతా తనొక్కడికే దక్కాలని చేశాడన్నారు మరికొందరు. నిజం చెప్పాలంటే ఒక తల్లితో నీ చేత్తోనే నీ కొడుకుని చంపుకున్నావని చెప్పాలి. అతను నోరు మూసుకున్నాడు. న్యాకియో అతని గుమ్మం ముందుకొచ్చి, "ఇక జన్మలో నన్ను అమ్మా అన్నావంటే ఆ నాలుక కుళ్ళిపోవాలి," అని నేల మీద ఉమ్మి వెళ్ళింది.

పన్నెండేళ్ళు గడిచాయి. వరూయి తమ్ముడు కిమోథోకు ముప్ఫై నిండాయి. పంతం కొద్దీ అన్న పనిలోకే దిగాడు. ధైర్యమూ ఒడుపూ అచ్చం అన్నవే. నేర్పేవాడే లేడు. నేర్పగలిగినవాడు పగవాడు.

ఈ ఏడు వానలకు చర్చి ఆవరణలోని పెద్ద జామాయిలు చెట్టు ఆదివారపు బడి రేకుల మీదికి ఒరిగింది. దాన్ని పైనుంచి ముక్కలుగా దించాలి. పెద్దలు పని కిమోథోకు అప్పగించారు. ఆ వారం దారిలో కిమోథో ఎదురై పక్కనుంచి పోతుంటే, భుజాన ఉన్న తాడు నుంచి గథేచా ముక్కుకు పొగ వాసన తగిలింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"కిమోథో! తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు."

"ఎవరికి తమ్ముణ్ణి? నాకున్న అన్న ఒక్కడే. వాణ్ణి నువ్వు నేలకి దించావు."

"తిట్టుకో. తిడుతూనే ఆ తాడు ఒకసారి నా చేతికియ్యి."

"నీ చేతికా! నక్కను పిలిచి గొర్రెపిల్లని పట్టుకోమన్నట్టుంది."

"అది ఎక్కడ ఆరబెడుతున్నారు?"

"నీ నెత్తిమీద." కిమోథో రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ముసలైపోయావు, పనులు రావట్లేదు, కడుపుమంట. నేను ఒంటిచేత్తో రంపం నడుపుతానని ఊరంతా చెప్పుకుంటున్నారు, అది నీకు గుచ్చుకుంటోంది."

"ఒంటిచేత్తో నడిపితే దాని మూతి కొమ్మకి తగిలిన క్షణంలో ఎగదన్ని మొహమ్మీదికి వస్తుంది. రెండు చేతులూ ఉండాలయ్యా. భుజం కంటే పైకి ఎత్తి కోయకూడదు."

"సరే బాబూ, పాఠం అయిందా? ఇక పో."

మర్నాడు గథేచా కొత్త తాడు ఒకటి గోనెసంచిలో వేసుకుని న్యాకియో ఇంటికి వెళ్ళాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, వాకిట్లో కూర్చుని కిత్తనారతో బుట్ట అల్లుతోంది. మా కొండవరసలో ఆమె బుట్టకు సాటి లేదు. నారపోగు చేతిలోకి తీసుకుంటే చాలు, ఏ మొక్కదో, ఎన్నిరోజులు నానిందో చెప్పగలదు. తల ఎత్తకుండానే, "కుక్కని వదలమంటావా, నువ్వే పోతావా?" అంది.

"కిమోథోకి కొత్త తాడు తెచ్చాను. పాతది పనికిరాదు. దాన్ని అటక మీద..." అని మొదలుపెట్టాడు. మాట అక్కడే ఆపేశాడు. ఇంకో రెండు ముక్కలు చెబితే వరూయి తాడు గుర్తొస్తుంది ఆమెకు. ఆమె వెర్రిది కాదు. "...వాడికి ఇది ఇయ్యి. నేనిచ్చానని చెప్పొద్దు," అని ముగించాడు.

న్యాకియో లేచి, సంచి తీసుకుని, తిన్నగా కొట్టం దగ్గరికి నడిచి పేడగుంటలో పడేసింది. "ఒక కొడుకుని నీ తాడుకి ఇచ్చాను. రెండోవాణ్ణి కూడా అడుగుతున్నావా? సిగ్గు లేదూ?"

అతను తాడు పైకి తీసుకుని బయల్దేరాడు. వెనకనుంచి ఏదో వచ్చి వీపుకు తగిలింది. చూస్తే గుప్పెడు ఎండు మొక్కజొన్న ఆకులు. "పేడతో దారంతా నడుస్తావేమిటి, చేతులు తుడుచుకుని తగలడు," అంది ఆమె. అంత కోపంలో కూడా. అతను తుడుచుకుని, తల వంచి, వెళ్ళిపోయాడు.

చెట్టు కొట్టే రోజు శుక్రవారం. ఊరు సగం చర్చి ఆవరణలోనే ఉంది. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం మనుషుల్ని జరపాలి. వీళ్ళు చెట్టు మొదట్లోనే పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు. న్యాకియో చర్చి మెట్ల మీద బుట్ట అల్లుకుంటూ కూర్చుంది. కిమోథో నడుముకు తాడు బిగిస్తుండగా గథేచా వచ్చి చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

"వచ్చాడయ్యా తాడుతెగ్గాడు! ఇవాళ ఎవరికి పాడె కట్టిద్దామనీ?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"చెట్టు ఎక్కొద్దనను. ఈ తాడుతో ఎక్కొద్దంటున్నా," అన్నాడు గథేచా.

"మా అన్నకీ ఇలాగే చెప్పావా?" అన్నాడు కిమోథో.

"చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నా."

సంఘపెద్ద మురాయా ముందుకొచ్చాడు. పొడుగాటి మనిషి, మాట కూడా చేతికర్ర లాగే నిటారుగా ఉంటుంది. "గథేచా, ఇది దేవుడి స్థలం. గొడవ పెట్టుకోకుండా పక్కకి పో."

"పోతానండీ. ఒక్క పని చేసి చూపించి పోతా." గథేచా కిమోథో నడుము నుంచి తాడు లాగేసి, దాని ఒక కొసను చెట్టు మొదలుకు ముడేశాడు. రెండో కొస నవ్వినవాళ్ళ ముందు పడేశాడు. "పన్నెండేళ్ళ కసి ఉంది కదా మీకు. ఆ మొదట్లో కట్టేసింది చెట్టుకి కాదు, నా మెడకి అనుకుని లాగండి."

"అలాగైతే మగాళ్ళు చాలరు, ఆడాళ్ళని కూడా పిలవాలి," అంది గుంపులోంచి టీకొట్టు ఆవిడ. మళ్ళీ నవ్వులు. నలుగురు ముందుకొచ్చి, మడమలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగారు. నిజంగానే అతని మెడ అనుకుని లాగారు.

ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నలుగురూ వెల్లకిలా బురదలో పడ్డారు.

ఎవరూ నవ్వలేదు. కిమోథో తెగిన కొసను తీసి చూశాడు. వేళ్ళతో వంచితే పోగులు పెళపెళమని పొడిగా రాలాయి. అతని మొహంలో రంగు పోయింది. మురాయా తాడును ముక్కు దగ్గర పెట్టుకుని, "పొగ వాసన. దీన్ని అటక మీద పెడుతున్నావా?" అన్నాడు.

"ఎప్పుడూ అక్కడే కదా పెడతాం," అన్నాడు కిమోథో. "వానలో తడిస్తే ఆరాలి కదా. అన్నయ్య తాడు కూడా అమ్మే రోజూ అటక..."

మాట సగంలో ఆగింది. మెట్ల మీద న్యాకియో వేళ్ళు కూడా ఆగాయి. ఒక్కొక్క తలే ఆమె వైపు తిరగడం మొదలైంది. పన్నెండేళ్ళు అడ్డుపడి ఆపిన బండ కొండ మీంచి కదిలిందని గథేచాకు అర్థమైంది. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"అమ్మ పెట్టలేదు!" అని అరిచాడు. "ఆ వారం తాడు మా ఇంట్లో ఉంది. మా పొయ్యి మీద నేనే ఆరేశాను. తెగాక చూస్తే ఇలాగే ఉంది. భయమేసి పూడ్చేశాను. వరూయిని చంపింది నా తెలివితక్కువతనం."

కిమోథో చెంపదెబ్బ ఆవరణంతా వినబడింది. పెదవి చిట్లింది. "పన్నెండేళ్ళు! తెలిసి కూడా పన్నెండేళ్ళు మా ఎదురుగా తిరిగావు! మా అమ్మ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావు!" ఇంకో దెబ్బ వెయ్యబోతే ఎవరూ పట్టుకోలేదు. తనే చెయ్యి దించుకున్నాడు.

"పెద్దల సభ నీ సంగతి చూస్తుంది," అన్నాడు మురాయా. "అంతదాకా ప్రభువు బల్ల దగ్గరికి రాకు."

చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ అందరితో పంచుకోవద్దన్న ఆ మాటే గథేచాకు లోపలిదాకా తగిలింది. దెబ్బ కాదు. అబద్ధం ఆడాడని అతనికి తెలుసు, దేవుడికీ తెలుసు. అతను తన భుజం మీది తాడునూ నడుముకు కట్టే పొట్టితాడునూ విప్పి మెట్టు మీద పెట్టాడు. చిట్లిన పెదవితోనే చెప్పాడు. "ఎక్కడానికి ఒక తాడు. కోసేటప్పుడు ఈ పొట్టిది కూడా చుట్టుకో. రంపం ఒకదాన్ని కొరికినా రెండోది పట్టుకుంటుంది. రంపం కిందే స్టార్టు చేసి వేడెక్కించి, ఆపేసి పైకి లాక్కో. మనుషుల్ని ఆ కంచె అవతలికి పంపు. నన్ను తిట్టుకుంటూ అయినా సరే, ఇవి చెయ్యి." అంత చెప్పి వెళ్ళిపోయాడు. పిల్లలు గేటుదాకా 'తాడుతెగ్గాడు' అని అరుస్తూ వెంటపడ్డారు. ఇప్పుడు ఆ పేరుకు అతని సంతకం కూడా పడింది కదా.

శనివారం చెట్టు కొట్టారు. గథేచా వెళ్ళలేదు. దుంపల మడిలో పార పట్టుకుని నిలబడి చెవులు అటు పెట్టాడు. రంపం మోత మొదలైంది. కాసేపు పనిచేసి ఆగింది. కింద వేడెక్కించి ఆపాడు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఎక్కుతున్నాడు, కట్టుకుంటున్నాడు, రెండోది కూడా చుట్టుకుంటున్నాడేమో. మళ్ళీ మోత. తూలకుండా, తడబడకుండా, రెండు చేతుల మోత. కొమ్మ పడిన చప్పుడు. అతను ఒక్కో కొమ్మకూ ఒకసారి ఊపిరి వదిలాడు. మధ్యాహ్నానికి మొద్దు కూడా పడింది. చర్చిగంట మోగలేదు. మాలో చావుకే వేళ కాని వేళ గంట మోగుతుంది. అతను అక్కడే మట్టిలో మోకరించాడు.

ఆ సాయంత్రం వంగేచి బజారుకి వెళ్తే చేమదుంపలు అమ్మేవాళ్ళు నీకు అమ్మేది లేదు పొమ్మన్నారు. మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ కలిపి ఉడికించే గిథేరిలోకి గింజలు కూడా దొరకలేదు. ఇంటికొచ్చి చూస్తే మాత్రం గుమ్మంలో ఆకు కప్పిన లోటా ఉంది. వేడి టీ. అది టీకొట్టు లోటా అని గుర్తుపట్టి ఆవిడ లోపలికి తీసుకుపోయింది.

ఆదివారం పొద్దున గథేచా అలవాటుగా పీట మీద కూర్చున్నాడు. రోజూ తడిమే తాడు లేదు. అయినా వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా న్యాకియో. చలికి దుప్పటి తలమీదుగా కప్పుకుంది. చేతిలో అతని తాడు, చక్కగా చుట్ట చుట్టి ఉంది.

"ఆ పొద్దున తాడు మీ ఇంట్లో లేదు," అంది. "నా చేత్తో తీసిచ్చాను. వెచ్చగా ఉంది."

గథేచా చూపు ఆమె చేతిలోని తాడు మీదికి దించుకున్నాడు.

"రెండు రోజులైంది కూడు నోట్లోకి పోలేదు. పన్నెండేళ్ళు నీ మీద ఉమ్మాను. ఉమ్మి అంతా నా మొహమ్మీదే పడింది. ఇవాళ చర్చిలో లేచి నిలబడి చెప్పేస్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు? నిన్ను బల్ల దగ్గరికి రావద్దన్నారు!"

"సోమవారం కిమోథోకి ఇంకో చెట్టుంది. అన్నని చంపింది అమ్మ చెయ్యి అని తెలిశాక వాడి చెయ్యి వణుకుతుంది. వణికే చేతిలో రంపం ఉండకూడదు. నా మీద కోపం ఉంటే వాడి చెయ్యి నిలకడగా ఉంటుంది. ఉండనీ." చిట్లిన పెదవి తడుముకున్నాడు. "నా అబద్ధం సంగతి నేను దేవుడితో మాట్లాడుకుంటున్నా. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు."

న్యాకియో పీట పక్కన నేల మీదే కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. వంగేచి లోపలినుంచి వేడిగుడ్డ తెచ్చి, మొగుడి మోకాళ్ళ మీద కాకుండా ఆ ముసలామె చేతుల మీద కప్పి వెళ్ళింది. దారిన పోయేవాడొకడు చూసి, "అమ్మా న్యాకియో, ఇంకా ఒకటి తగిలించు, మేమంతా నీ వెనక ఉన్నాం!" అని కేకేశాడు.

ఆ కేక దూరం పోయాక న్యాకియో కళ్ళు తుడుచుకుంది.

"ఈ తాడు నేను పొయ్యి దగ్గరికి తీసుకుపోలేదురా," అంది ఆమె చివరికి. "తలుపు పక్కన మేకుకి వేలాడదీశాను. వాడు నిన్న దీంతోనే చెట్టెక్కాడు, కానీ ఇక ఉంచుకోనంటున్నాడు, నీది అని. నేను ఉంచుకోమన్నాను, నిన్నొక మాట అడుగుదామని తెచ్చాను."

"అమ్మా," అన్నాడు గథేచా. ఆమె వద్దనలేదు. "ఒక ఉపకారం చేసిపెడతావా?"

"చెప్పరా."

"నా వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. నారపోగులో తేడా నీ వేళ్ళకి తెలిసినట్టు ఈ కొండవరసలో ఇంకెవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే వాడు బయల్దేరకముందు ఈ తాడుని ఒక్కసారి నీ చేతుల్లోంచి పోనియ్యి. కొస నుంచి కొసదాకా. కళ్ళు మూసుకుని."